నూకరాజు మెడ

2022లో నా ఫిజియోథెరపీ క్లినిక్ ద్వారకా నగర్‌లో, ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. కింద పిల్లలు సూత్రాలు వల్లె వేస్తుంటే, పైన నేను పెద్దవాళ్ళ మోకాళ్ళు వంచుతూ, వాళ్ళ చేత తిట్లు తింటూ ఉండేదాన్ని. సాయంత్రం ఆ తిట్ల నుంచి తప్పించుకుని ఊళ్ళోని ఒక రగ్బీ లీగ్ క్లబ్‌కి, అక్కడి ఆటగాళ్ళ దెబ్బలు చూడటానికి వెళ్ళేదాన్ని. విశాఖపట్నంలో రగ్బీ ఏమిటని నవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు. క్రికెట్‌కి ఖరీదైన సామాను కావాలి, పరిచయాలు కావాలి. దీనికి ఒంట్లో బలం, బుర్రలో కాస్త తిక్క ఉంటే చాలు. మా జట్టులో స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టు కూలీల కొడుకులు, పోర్టులో లారీలు తోలేవాళ్ళు, పద్మనాభం నుంచి రోజూ బస్సెక్కి వచ్చే రైతుబిడ్డలు ఉండేవారు. అందరికీ తిక్క సమృద్ధిగా ఉండేది.

వాళ్ళందరిలో నూకరాజు వేరు. అది అతని అసలు పేరు కాదు, మార్చాను. సముద్రం ఒడ్డు పేటలో చేపలు పట్టే కుటుంబం. వేకువనే మేనమామ ఫైబర్ బోటులో వేటకు వెళ్ళి, సాయంత్రానికి గ్రౌండులో ఉండేవాడు. ఆడేది ప్రాప్. ప్రాప్ అంటే ముందు వరసలో ఉండే బరువైన ఆటగాడు. బంతిని పొట్టకి అదుముకుని, ఎదురుగా గోడకట్టి నిలబడ్డ ముగ్గురు నలుగురు మనుషుల్లోకి నేరుగా దూసుకుపోవడం అతని పని. వాళ్ళు పట్టి పడేస్తే లేచి, మళ్ళీ దూసుకుపోవాలి. ఈ పని చాలామంది పళ్ళు కరుచుకుని చేస్తారు. నూకరాజు మాత్రం నవ్వుతూ చేసేవాడు. వల లాగి లాగి గట్టిపడ్డ ఆ భుజాలు చూసి ఎదుటి జట్టువాళ్ళు ఒక అడుగు పక్కకి వేయడం నేను కళ్ళారా చూశాను.

నన్ను మొదట్లో మేడం అనేవాడు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చినవాడని తెలిశాక, నా మాట తీరుని వెక్కిరిస్తూ వెక్కిరిస్తూ అక్కా అనడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాది ఒక మ్యాచ్‌లో నీళ్ళ కోసం ఆట ఆగింది. అందరూ బాటిళ్ళు ఎత్తి తాగుతున్నారు. నూకరాజు మాత్రం నోరు తెరుచుకుని నిలబడితే, పక్కవాడు పోస్తున్నాడు.

"ఏం మహారాజా, చేతులు అరిగిపోతాయా?" అన్నాను.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ చేతులు రెండూ పక్కకి వేలాడుతూనే ఉన్నాయి. నాకెందుకో ఆ నవ్వు నచ్చలేదు. దగ్గరికి వెళ్ళి నా రెండు చేతుల వేళ్ళు అతని చేతుల్లో పెట్టి, "గట్టిగా నొక్కు" అన్నాను. ముఖం ఎర్రబడేలా ప్రయత్నించాడు. నా వేళ్ళకి ఏమీ తెలియలేదు.

"తిమ్మిరక్కా. ఓ నిమిసం ఆగితే అదే పోద్ది. మొన్న కూడా అలాగే పోయింది."

మొన్న కూడా. ఈ ఆటలో మెడ పక్కకి విరిగినట్టయి ఒక చెయ్యి జివ్వుమనడం మామూలే. దాన్ని మేం స్టింగర్ అంటాం. నరం సాగుతుంది, సర్దుకుంటుంది. ఒక చెయ్యి అయితే నరం. రెండు చేతులూ ఒకేసారి పడిపోయాయంటే మాత్రం అది వెన్నుపాము. నూకరాజుని ఆ మ్యాచ్‌లో మళ్ళీ దిగనివ్వలేదు. బయట కూర్చోబెట్టినందుకు పెద్ద గొడవే చేశాడు. మరి కాసేపటికి చేతులు మామూలయ్యాయి కదా!

ఎమ్మారై తీయించాం. వెన్నుపాము దిగే దారి అతనికి పుట్టుకతోనే మెడ దగ్గర సన్నగా ఉంది. మామూలు బతుకులో ఏ ఇబ్బందీ ఉండదు. వల లాగొచ్చు, బోటు తొయ్యొచ్చు, జాగ్రత్తగా ఉంటే చాలు. తలతో మనుషుల్ని గుద్దుకునే ఆట మాత్రం ఇక కుదరదు. అలాంటి ఇంకో దెబ్బ తగిలితే మెడ కింద ఏదీ కదలకపోవచ్చునని స్పైన్ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

ఆ మాట నా క్లినిక్‌లో నూకరాజుకి మళ్ళీ చెప్పింది నేను, మా క్లబ్ సెక్రటరీ సత్యమూర్తి గారు. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. గ్రౌండుకి గడ్డి వేయించడం దగ్గర నుంచి పిల్లలకి గుడ్లు ఉడికించడం దాకా ఆయనే. నూకరాజు మేం చెప్పింది తలవంచుకుని విన్నాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు.

"సరే, టీమ్ నుంచి ఒగ్గీండి నన్ను. గానీ ఎందుకో ఎవుల్తోటీ సెప్పొద్దు" అన్నాడు.

"చెప్తే ఏమిటయ్యా? నీ తప్పేముంది ఇందులో?" అన్నారు సత్యమూర్తి గారు.

"మీకు తెల్దు సార్. బోటు ఒడ్డుకొచ్చినప్పుడు అందరూ బుజం ఎడతారు. నూకరాజు మెడ పోయిందని తెలిస్తే నన్ను బుజం ఎట్టనిత్తారా? పేటలో నన్నొక మనిసి కింద సూత్తారా? అక్కా, ఒట్టెయ్యి."

నేను మాట ఇచ్చాను. రోగి రహస్యం దాచడం మా వృత్తిలో ఎలాగూ మొదటి నియమం కాబట్టి, అందులో ఆలోచించాల్సింది ఏమీ లేదనుకున్నాను.

మర్నాడు క్లబ్ ఒక్క వాక్యం ప్రకటించింది. జట్టు అవసరాల దృష్ట్యా నూకరాజుని రిలీజ్ చేస్తున్నాం, అంతే. రిలీజ్ అంటే ఒప్పందం రద్దుచేసి ఆటగాణ్ణి వదిలేయడం. ఇక చూడండి, ఊరంతా మా మీద పడింది. ఊళ్ళో రగ్బీ చూసేవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు ఆ వారమే తెలిసింది. జాలరి కుర్రాడు కాబట్టి తోసేశారని కొందరు, సత్యమూర్తి గారు తన చుట్టాలబ్బాయి కోసం ఖాళీ చేశారని కొందరు. పాపం, ఆయన చుట్టాల్లో పరుగెత్తగలిగినవాడు ఒక్కడూ లేడు. గ్రౌండు ముందు టీ కొట్టాయన నా మొహం మీదే, "నూకరాజు నేని టీమేటి మేడం, ఉప్పు నేని పులుసు" అన్నాడు. జట్టులో కుర్రాళ్ళు కొన్నాళ్ళు నాతో పొడి పొడిగా మాట్లాడారు. సత్యమూర్తి గారు మాత్రం, "పడదాం అమ్మా, మాటలు పడితే మెడ విరగదు కదా" అనేవారు. ఆయన మీద గౌరవం నాకు అప్పుడే రెట్టింపయింది.

అక్కడితో కథ అయిపోతే నేనిది రాసేదాన్ని కాదు.

మేం ఒకటి మరిచిపోయాం. కారణం చెప్పకుండా మంచి ఆటగాణ్ణి వదిలేస్తే, బయటివాళ్ళ కళ్ళకి వాడు ఏ లోపమూ లేని మంచి ఆటగాడే. కొన్ని నెలలకి పక్క రాష్ట్రంలోని ఒక కంపెనీ జట్టు నూకరాజుని పిలిచింది. ఆటతో పాటు కంపెనీలో ఉద్యోగం ఇస్తామంది. ఆ కబురు నాకు ఎవరో చెప్పలేదు, అతనే ఫోన్ చేసి చెప్పాడు. గొంతులో సంతోషం పొంగిపోతోంది.

"మా ఇంట్లో నెల జీతం ఎవులికీ నేదక్కా. నానే మొదులు."

"నీ మెడ సంగతి వాళ్ళకి చెప్పావా?"

"నువ్వు సెప్పనన్నావు గదా" అన్నాడు.

ఆ సాయంత్రమే పేటకి వెళ్ళాను. ఒడ్డున బోటు నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచి, ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు. ఎందుకొచ్చానో అతనికి తెలుసు.

"నువ్వే చెప్పు నూకరాజూ. ఆట వద్దు, ఉద్యోగం మాత్రం ఇవ్వండి అని అడుగు. నేనూ వచ్చి అడుగుతాను" అన్నాను.

"ఆట ఆడనోడికి ఉద్యోగం ఎందుకిత్తారక్కా? ఒక్క సీజన్ ఆడతాను. పెర్మనెంట్ అయిపోనాక నానే మానెత్తాను. అంతవరకూ అమ్మోరు సూసుకుంతాది."

"సీజన్ అక్కర్లేదు. ఒక్క దెబ్బ చాలు."

వల పక్కన పెట్టాడు. "సముద్రంలోకెల్లినోడికి ఒక్క కెరటం సాలు. మా అయ్య అలాగే పోనాడు. అలాగని మేం ఎల్లడం మానెత్తన్నామా? ఆ రోజు మమ్మల్ని ఎల్లొద్దని ఎవులూ సెప్పలేదే! ఇయ్యాల నాకు నీడపట్టున పని దొరికితే ఒద్దంతన్నావు."

ఆటలో దెబ్బ గురించి నేను చదువుకున్నాను గానీ, రోజూ సముద్రంలోకి వెళ్ళేవాడి లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. అయినా ఆ మెడ ఫిల్మును చూసిన కళ్ళు నావి. ఆ పిల్లాడు మంచం మీద మెడ వరకూ దుప్పటి కప్పుకుని, ఈగ వాలితే తోలుకోలేక పడి ఉండటం నా కళ్ళ ముందు ఆడుతోంది. తిరిగి వస్తూ దారంతా ఏడ్చాను.

ఆ వారంలోనే ఆ కంపెనీ జట్టు ఫిజియో ఫోన్ చేశాడు. ఆటగాడు జట్టు మారినప్పుడు ఫిజియోలు ఒకరినొకరు పాత గాయాల గురించి అడగడం మామూలే, కాకపోతే ఆటగాడి అనుమతి ఉండాలి. నాకు అనుమతి లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "ఏమైనా ఉన్నాయా మేడం?" అని అతను మర్యాదగా అడిగాడు. లేవని ఒక్క మాట అంటే ఇచ్చిన మాట దక్కేది. మెడ అనే పదం నా నోట రాలేదు గానీ, "పూర్తి స్కాన్ తీయకుండా అతన్ని గ్రౌండులోకి దింపకండి" అన్నాను.

అవతలివాడూ చదువుకున్నవాడే. మిగతాది అర్థమైపోయింది.

స్కాన్ తీశారు. నూకరాజుని వెనక్కి పంపేశారు. ఉద్యోగం ఇంకో ప్రాప్‌కి వెళ్ళింది. మెడ కబురు అతనికంటే ముందే పేటకి చేరింది. అతను నాకు ఫోన్ చేయలేదు, తిట్టలేదు. ఒకసారి క్లినిక్ మెట్లెక్కి వచ్చాడు. గదిలో పేషెంట్లున్నారు. గుమ్మంలోనే నిలబడి, "సెప్పీసేవు గదక్కా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చేస్తున్న చికిత్స మధ్యలో వదిలి వెనకే వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు.

ఆ తర్వాత సత్యమూర్తి గారూ నేనూ కలిసి అతనికి ఏదైనా ఉద్యోగం కోసం తెలిసినవాళ్ళందరినీ అడిగాం. ఒకటి రెండు చోట్ల సరేనన్నారు. నూకరాజు రానన్నాడని మధ్యవర్తి కబురు తెచ్చాడు. ఆ ప్రయత్నమేదో అతన్ని జట్టు నుంచి వదిలేసిన రోజునే మొదలుపెట్టి ఉంటే వచ్చేవాడేమో. ఆ రోజు మేమిద్దరం ఒక మెడని కాపాడామని సంతోషపడి ఇళ్ళకి వెళ్ళాం. ఆట తీసేసిన చోట ఆ కుర్రాడు ఏం పెట్టుకుంటాడన్నది మాకు తట్టనేలేదు. నా బాధంతా అదే. ఫోన్‌లో చెప్పిన మాట గురించి కాదు. ఇవాళ ఎవరైనా అలా ఫోన్ చేసినా మళ్ళీ అదే చెప్తాను.

పోయిన ఏడాది ఒక పొద్దున చేపల కోసం ఒడ్డుకి వెళ్ళాను. అప్పుడే ఒక బోటు ఇసుకలోకి వచ్చి ఆగింది. అందరూ పరుగెత్తి అటూ ఇటూ భుజాలు ఆనించారు, ముసలివాళ్ళతో సహా. "ఐలెస్సా" అని తోస్తున్నారు. ఆ గుంపుకి పది అడుగుల దూరంలో నూకరాజు ఒక్కడూ చేతిలో తాడు చివర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కడున్న అందరికంటే బలమైన మనిషి. ఒకసారి అడుగు ముందుకు వేశాడు. మేనమామ బోటు పక్కనుంచే అరిచాడు, "నువ్వొద్దురా, నువ్వుండు!" అని. అది కోపంతో అన్నది కాదు, ప్రేమతోనే అన్నాడు. నూకరాజు మళ్ళీ వెనక్కి జరిగాడు.

అప్పుడే నన్ను చూశాడు. మొహం తిప్పుకుంటాడనుకున్నాను, తిప్పుకోలేదు. నేనే దగ్గరికి వెళ్ళాను. అలవాటైన ప్రశ్నే అడిగాను.

"మెడ ఎలా ఉంది?"

"మెడ బావుందక్కా" అన్నాడు. తర్వాత నా వైపు నిదానంగా చూసి, "ఎప్పుడూ మెడనే అడుగుతావు. నువ్వెలాగున్నావురా అని ఒక్కపాలైనా అడిగేవేటి?" అన్నాడు.

అప్పుడు అడిగాను. "ఎలా ఉన్నావు నూకరాజూ?"

బోటు పైకి చేరిపోయింది. తోసినవాళ్ళు చేతులు దులుపుకుంటూ నవ్వుకుంటున్నారు. నూకరాజు తాడు చుట్ట చుడుతూ వాళ్ళవైపు చూశాడు.

"సూత్తన్నావు గదా" అన్నాడు.