ఒక చుక్క ఊదారంగు

నా రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, వానలు మొదలయ్యే రోజుల్లో, మా ఫ్యాక్టరీలో కొత్తగా తెరిచిన ఎరల సెక్షనుకు నన్ను షేడ్ ఇన్‌ఛార్జిగా వేశారు. విజయనగరం నుంచి చీపురుపల్లి వెళ్లే రోడ్డు మీద ఉండేది ఆ ఫ్యాక్టరీ. అంతవరకూ మేం తయారుచేసింది చెప్పుల అడుగులకు వాడే ప్లాస్టిక్ సరుకు. సరదాకి గేలం వేసేవాళ్లు ఎక్కువయ్యారని, వాళ్లు కొక్కేనికి గుచ్చే మెత్తటి ప్లాస్టిక్ చేపలూ రొయ్యలూ మనమే అచ్చు పోద్దామని యాజమాన్యం నిర్ణయించింది.

షేడ్ మ్యాచర్ అంటే రంగు కుదిర్చేవాడు. కొనేవాళ్లు ఒక ముక్క పంపుతారు. అచ్చం అదే రంగు వచ్చేదాకా కలిపి, ఏది ఎంత పడిందో కార్డు మీద రాస్తాం. ఒప్పుకున్న ముక్కను ఆ కార్డుకు అంటించి కింద సంతకం పెడతాం. దాన్ని మాస్టర్ చిప్ అంటారు. ఆ తర్వాత ఎన్ని బ్యాచ్‌లు వచ్చినా దాని పక్కన పెట్టి చూడాల్సిందే. హెల్పరు, ఆపరేటరు, మ్యాచరు, సీనియర్ మ్యాచరు, ఇవీ మెట్లు. ఇరవైతొమ్మిదేళ్లుగా మా ఫ్యాక్టరీలో మాస్టర్ చిప్ కింద ఉన్న సంతకం నాదొక్కటే. ఈ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు కనుక రిటైరయ్యాక కూడా మరో రెండేళ్లు ఉంచుతామని ప్రొడక్షన్ మేనేజరు నాకు మాటిచ్చాడు. నాకు ఆ కుర్చీ కావాలి. ఇంట్లో కూర్చుని పేపరు చదువుకునే రకం కాదు నేను.

మొదటి ఆర్డరు రొయ్య. వంశధార సముద్రంలో కలిసే మొగలో పండుగప్ప చేపకు వేసే ఎర. కొనేవాళ్లు ముక్కేమీ పంపలేదు, రొయ్య రంగు కావాలని రాశారంతే. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. నేను రొయ్యను చూసింది పక్క సెక్షను వాళ్ల క్యారేజీల్లోనే. మర్నాడు ఒకాయన కూరలోంచి ఒక రొయ్య అడిగి తీసుకుని, కడిగి, తెల్లపలక మీద పెట్టి, పదకొండు కప్పుల్లో రకరకాల పాళ్లు కలిపి చూసి, చక్కటి నారింజ రంగు తెచ్చాను. మేనేజరు చూసి తలూపుతున్నాడు. ప్యాకింగులో పనిచేసే పైడమ్మ డబ్బాల కోసం అటు వచ్చి ఆగిపోయింది.

"ఇదేటి బాబూ, ఉడకేసిన రొయ్యలాగున్నాది! బతికున్న రొయ్య ఇలగుంటాదేటి? దాన్లోంచి సూస్తే అవతలోడి మొకం కనపడాల."

మేనేజరు పగలబడి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పైడమ్మ పుట్టిల్లు కోటబొమ్మాళి దగ్గర, అత్తారిల్లు చీపురుపల్లి. భర్త ఆటో నడుపుతాడు, ఆదివారం వస్తే గేలం పట్టుకుని ఏటి మొగకు పోతాడు. పండుగప్ప కొరికి తోకలు తెంపేసిన ఎరలను ఆమె పెరట్లో పొయ్యి మీద పాత స్టీలు గిన్నెలో కరిగించి, రంగు వేసి మళ్లీ పోస్తుందట. తెచ్చి చూపించమన్నాడు మేనేజరు. మర్నాడు ఆరు తెచ్చింది. పొగలాంటి లేత ఆకుపచ్చ ఒళ్లు, తోక దగ్గర కాస్త గోధుమ ఛాయ, లోపల మిరియం పొడి చల్లినట్టు సన్నటి నల్లటి మెరుపు. లైట్ బాక్సులో పెట్టి మూడు రకాల దీపాల కింద తిప్పి తిప్పి చూశాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

ఒక బ్యాచ్ సరిగ్గా దింపితే ఆమెను మ్యాచరుగా వేస్తామని, అందాకా నా కింద పని నేర్చుకోమని మేనేజరు ఆర్డరిచ్చాడు. ప్యాకింగు నుంచి మ్యాచరు కుర్చీకి ఒకే గెంతు. నేను ఆ మెట్లన్నీ ఎక్కడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

దాచడమెందుకు, నాకు కడుపు మండిపోయింది. నేను పదకొండు కప్పుల్లో తెచ్చే రంగును ఆమె నాలుగు కప్పుల్లో తెచ్చేది. నేను చుక్కలు కాగితం మీద రాసుకుంటే ఆమె నోట్లోనే లెక్కపెట్టుకునేది. మా పలక జోలికి పోకుండా, ఏటి నీళ్లు చెంబులో పోసి ముక్కను అందులో ముంచి చూసేది. తెల్లపలక మీద రంగు ఏ చేప సూస్తాది బాబూ అని నన్నే అడిగింది. అడిగిన తీరులో వెటకారం లేదు, అదే ఇంకా మండించింది. "మాస్టారూ" అంటూ నా వెంట తిరిగిన ఆపరేటర్లు ఇప్పుడు "పైడమ్మక్కా, ఓపాలి సూడు" అంటున్నారు. చివరికి టీ తెచ్చే మనిషి కూడా ముందు ఆమె బల్ల దగ్గరే ఆగుతున్నాడు. ఇంటికెళ్లి ఇదంతా చెబితే మా ఆవిడ, "ఆవిడ రొయ్యలతో పెరిగింది, మీరు రొయ్యను చూస్తేనే ముక్కు మూసుకుంటారు. మధ్యలో మీకెందుకండీ ఈ కుళ్లు?" అంది. ఆ పూట అన్నం సయించలేదు.

బ్యాచ్ రోజు వచ్చింది. ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఎరకు వాడే ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. వేడి చేస్తే పారదర్శకమై పాకంలా చిక్కబడుతుంది. అప్పుడు రంగు చుక్కలు వేసి అచ్చుల్లో పోస్తారు. కప్పులో కలిపిన నమూనా పది నిమిషాల్లో అయిపోతుంది. బ్యాచ్ అలా కాదు. అచ్చులన్నీ నిండేసరికి పెద్ద పాత్ర గంటకు పైగా వేడి మీదే ఉంటుంది, ఆ వేడికి సరుకు తనంతట తానే పసుపెక్కుతుంది. అందుకని బ్యాచ్‌లో కప్పు లెక్కకు మించి పిసరంత ఊదారంగు ముందే వెయ్యాలి. ఊదా ఆ పసుపును చంపుతుంది. ఈ సంగతి ఏ కార్డు మీదా రాసి లేదు. నేను రాయలేదు.

పైడమ్మ రంగు సీసాలు వరసగా పెట్టుకుని నా దగ్గరకొచ్చింది. "కప్పులో కలిపినట్టే దీన్లోనూ కలిపీమంటారా బాబూ? మరేటైనా ఉన్నాదా?"

"అంతే. అలాగే కలుపు," అన్నాను.

మొదటి అచ్చులు బ్రహ్మాండంగా వచ్చాయి. గంట గడిచేసరికి రొయ్యలు పాత కాగితం రంగుకు తిరిగాయి. సగం బ్యాచ్ పారబోశారు. మేనేజరు ఆమెను అందరి ముందూ నిలబెట్టి కేకలేశాడు. నన్ను అడిగానని ఎక్కడ చెబుతుందోనని ఆమె నోటి వైపే చూస్తూ నిలబడ్డాను. ఆమె చెప్పలేదు. తల వంచుకుని, తప్పయిపోనాది బాబూ అంది. ఆ సాయంత్రం బ్యాచ్ పాడైన రిపోర్టు రాయడం ఇన్‌ఛార్జిగా నా వంతు. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో 'రంగు కలిపినవారి అనుభవలేమి' అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు ఆమె ప్యాకింగుకు వెళ్లిపోయింది. టీ మళ్లీ ముందు నా బల్ల మీదకే వచ్చింది. చాలా రుచిగా ఉందనిపించింది.

వెళ్లేటప్పుడు ఆమె పాడైన సరుకులోంచి ఒక ముద్ద అడిగి పట్టుకెళ్లింది. ఏం చేసుకుంటుందిలే అనుకున్నాను. ఈలోగా రొయ్య రంగు కోసం నేను తంటాలు పడుతూనే ఉన్నాను. పసుపు ఎలా ఆపాలో నాకు తెలుసు, కానీ పొగలాంటి ఆ ఆకుపచ్చ మాత్రం నా చేతికి చిక్కలేదు. ఆమెను పిలిచి అడగడానికి అహం అడ్డొచ్చింది.

మూడు వారాల తర్వాత ఆమె మేనేజరు గదిలోకి గిన్నెతో సహా వచ్చింది. నన్నూ పిలిచారు. స్టోరులో అడిగి కొంచెం కొత్త సరుకూ రంగులూ తీసుకెళ్లి, ఇంట్లో గంటసేపు సన్నమంట మీద ఉంచి, ఆ పాడైన ముద్ద పక్కన పెట్టి చూసిందట. పసుపెక్కేది వేడికేనని తేలింది. పసుపెక్కిన తెల్లచీరకు నీలిమందు పెట్టినట్టు దీనికీ ఏదో పెట్టాలని, నీలం వేస్తే మరీ ఆకుపచ్చకు తిరిగిందని, ఊదా వేస్తే కుదిరిందని వరసగా చెప్పుకుపోయింది. ఎన్ని చుక్కలో కూడా చెప్పింది. అచ్చంగా నా లెక్కే. మేనేజరు నా వైపు తిరిగి ఇది సరైనదేనా మాస్టారూ అని అడిగాడు. సరైనదే అన్నాను. ఇంకేం అంటాను?

రెండో బ్యాచ్ మొదటి రొయ్య నుంచి చివరి రొయ్య దాకా ఒకే రంగులో దిగింది. మాస్టర్ చిప్ కింద మొదటి సంతకం పైడమ్మది. పరిశీలించినవారు అన్నచోట నాది. నా రెండేళ్ల పొడిగింపు సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మ్యాచరు అయినవాళ్లకు పాత ఫైళ్లన్నీ అప్పగిస్తారు. ఒక మధ్యాహ్నం ఆమె ఆ రిపోర్టు తీసి నా బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నాను అడిగినాను బాబూ. మీరు అంతే అన్నారు. ఆ రెండు మాటలూ ఈ కాయితంలో నేవు."

నేను కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆమె కాగితం మళ్లీ ఫైల్లో పెట్టి, అలమరలో సర్దేసి, తన కప్పుల దగ్గరికి వెళ్లిపోయింది. దాన్ని ఎవరికీ చూపించలేదు. చూపించి ఉంటే ఆమె మీద కోపం తెచ్చుకునే వీలైనా ఉండేది నాకు. ఇప్పటికీ ఎక్కడైనా గేలం దుకాణంలో ఆ రొయ్య వేలాడుతుంటే తీసి వెలుతురుకు ఎత్తి చూస్తాను. తప్పు దొరకదు, నా లోపలి కుళ్లు కూడా తగ్గదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. తెలిసింది దాచుకుంటే అవతలివాళ్లు ఆగిపోరు, ఒక బ్యాచ్ ఆలస్యంగా చేరుకుంటారు, అంతే. ఆ బ్యాచ్ రిపోర్టు మాత్రం దాచినవాడి సంతకంతోనే ఫైల్లో ఉండిపోతుంది.