తెల్ల ఇసుక మీద ముగ్గు

బాన్సువాడలో మా అత్తమ్మ వాకిట్ల ముగ్గు పడనిదే చాయ్ ముట్టకపోయేది. రెండువేల సంవత్సరం దాటినంక ఒక ఏడు, మా ఎరువుల దుకాణానికి కంపెనీవాళ్ళు మాల్దీవుల టూర్ ఇస్తే, ఆమెను గూడ తీసుకపోయినం.

అది సముద్రం ఒడ్డున పెద్ద రిసార్టు. పొద్దున్నే ఆమె ముగ్గుపిండి పొట్లం పట్టుకొని గది ముందర నిలబడ్డది. పగడాల దీవి కదా, ఎటు చూసినా ఇసుక ముగ్గుపిండి లెక్కనే తెల్లగ ఉన్నది.

"ఊరంత వీళ్ళే పోసి పెట్టిండ్రు. ఇగ నేనేడ ఎయ్యాలె?" అన్నది.

లోపల చాయ్ చల్లారుతున్నది. ఆమె కాసేపు చూసి, ఇసుక మీద నీళ్ళు చల్లి, చూపుడువేలుతోనే ముగ్గు గీసింది.

ఇంతల రోజూ ఇసుక చదును చేసే పనివాడు వచ్చిండు. చెరిపేస్తడేమో అనుకున్న. అతను చుట్టూ చదును చేసుకుంట, ముగ్గును అట్లనే వదిలి పోయిండు.

అత్తమ్మ గడపల కూసున్నది. "చల్లారితే చల్లారింది గని, ఇగ చాయ్ తే బిడ్డా" అన్నది.