చిన్నత్త చెప్పిన సాక్ష్యం

నవాబు రాజ్యం మీదికి మిలిటరీ రాకముందటి వానకాలంల, మా అత్త చెల్లెలు ఊరిడిసి పట్నంల గౌలిపురల మా ఇంటికొచ్చింది. నేను చిన్నత్త అనేదాన్ని. నవాబు దిక్కు బందూకులోళ్లు వాళ్ల ఊరు తగలబెట్టిన్రు. ఆమె చేతులు మోచేతులదాకా కాలినయ్. కొడుకు ఏమైండో తెల్వదు. బర్రెల కొట్టం పక్క అర్రల పండుకోబెట్టి, నేనే బువ్వ తినిపించేదాన్ని.

గట్లాంటోళ్లు మా గల్లీల మస్తుమంది. వాళ్లను చూడనీకె పరదేశపు డాక్టరొకాయన వస్తుండన్నరు. వాళ్ల దేశంల చందాలు పోగుజేసి మందులు పంపే సంఘం మనిషట.

"ఏం చెప్పకు చిన్నమ్మా. ఆయన పోతడు, మనం ఈడనే ఉండాలె," అన్నడు మా ఆయన.

డాక్టరు ఎన్కనే పోలీసు అమీన్ వచ్చిండు. మా మాటలు డాక్టరుకు తెలియజెప్పనీకె దబీర్‌పురా బడి మాస్టర్ సాబ్‌ను తెచ్చిన్రు. ముసల్మాన్ ఆయన, తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చు. నిజం చెప్తడో లేదోనని నా అనుమానం.

"చేతులెట్ల కాలినయమ్మా?" అడిగిండు మాస్టర్ సాబ్.

"పొయ్యికాడ కాలినయ్, గంతే కదా?" అందుకున్నడు అమీన్.

చిన్నత్త ఆయన దిక్కు చూడలే. "ఇల్లు అంటుపెట్టిన్రు. నా కోడలు లోపల్నే ఉండె. బయట గొళ్లెం పెట్టిన్రు. మండే తలుపును గుంజిన, రాలే."

మాస్టర్ సాబ్ టోపీ తీసి మళ్ల పెట్టుకున్నడు. అప్పుడు ఇంగ్లీషుల మెల్లగ చెప్పిండు. నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. డాక్టరు మొఖం పాలిపోయింది.

"క్యా బోలే తుమ్?" ఏం చెప్పినవని గద్దించిండు అమీన్.

"అమ్మా జో బోలే, వోహీచ్ బోలా, సాబ్," ఆమె చెప్పిందే చెప్పిననన్నడు మాస్టర్ సాబ్.

డాక్టరు కట్టు కట్టి, ఏం గావాల్నని అడిగించిండు. "నా కొడుకు బతికుండా లేడా, గది కనుక్కోమను," అన్నది చిన్నత్త. డాక్టరు కొడుకు పేరు, ఊరు కాయితం మీద రాసుకున్నడు.

మాస్టర్ సాబ్‌ను అదే సాయంత్రం ఠాణాకు తీస్కపోయిన్రు. మర్నాడు తిరిగొచ్చిండు గని, నౌకరీ పోయింది. కొన్నాళ్లకు మా గల్లీకి కంబళ్లు, పుండ్లకు పూసే మలాం, పాలపొడి డబ్బాలు వచ్చినయ్. పాలమ్ముకునే ఇంటికి పాలపొడా అని మా అత్త నవ్వబోయి ఏడ్చింది. చిన్నత్త చేతులు మానినయ్. కొడుకు సంగతి ఏ దేశమూ చెప్పలే. మిలిటరీ వచ్చినంక ఊరోళ్లే వచ్చి, చచ్చిపోయిండని చెప్పిన్రు.

అప్పుడు భయపడే వంతు ముసల్మాన్లకొచ్చింది. మాస్టర్ సాబ్ చుట్టాలు జిల్లాల నుంచి కట్టుబట్టల్తోని ఉరికొచ్చిన్రు. వాళ్లను చూడనీకె ఏ డాక్టరూ రాలే. చిన్నత్త పోయి వాళ్ల ఆడోళ్ల పక్కన పొద్దుగూకేదాకా కూసున్నది.

"ఏం మాట్లాడినవ్?" అనడిగిన.

"నేనేం మాట్లాడలే. వాళ్లు చెప్పిన్రు, ఇన్న."