టమాటా మడి

సుక్మా ఆసుపత్రిలో మా డయాలసిస్ యంత్రాలకు నీళ్ళు శుద్ధి చేసేటప్పుడు బోలెడు నీళ్ళు మురిక్కాలువ పాలయ్యేవి. చూడలేక పెరట్లోకి పైపు వేయించి, పేషెంట్ల కోసం టమాటా మడి పెట్టించాను. ఈ రోజు తొలి కాపు తెచ్చి, మరైగూడ నుంచి డయాలసిస్‌కు వచ్చే ముత్తమ్మ ఒళ్ళో పోశాను.

ఆమె పకపకా నవ్వింది. "కిడ్నీ పోయినోళ్ళు టమాట తినొద్దని నువ్వే చెప్తివి గద, సిస్టరమ్మా!"

నాలుక కరుచుకున్నాను. "నాటిన రోజే చెప్పొద్దా పెద్దమ్మా? కిటికీలోంచి చూస్తూనే ఉన్నావుగా!"

"మాకోసమని ఎట్ల తెలుస్తది? మమ్మల్ని ఎవలు అడగకపోతిరి. స్టాఫ్ కోసమనుకున్న."

పైపు గురించి ప్లంబర్‌ని అడిగాను, మడి గురించి తోటమాలిని అడిగాను. తినేవాళ్ళనే అడగలేదు.

టమాటాలు కావలసినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి. వచ్చేటప్పుడు బీర గింజలు తెండి, బీరకాయైతే మా పేషెంట్లు తినొచ్చు. ఈసారి ముత్తమ్మను అడిగే నాటుతున్నాం.