అక్క కోసం చిన్న చక్రాలు

వరదల్లో నా జీపు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి దిగి, ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు చేరిందని, నా చొక్కా మడత కూడా నలగలేదని చెబితే నమ్మినవాళ్లు వన్ టౌన్‌లో ఇప్పటికీ ఉన్నారు. ఒకాయనైతే జీపుకి చుక్కాని ఎక్కడ బిగించానో చూపించమని ఇంటికొచ్చాడు. మా అక్క ఆయనకు కాఫీ ఇచ్చి, "ఆ రోజు వీడు ఈ కుర్చీలో కూర్చుని పెసరట్లు తిన్నాడండీ. వేసింది నేనే" అని పంపించేసింది.

అక్క నాకంటే పదేళ్లు పెద్దది. లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. బావగారు పోయాక పటమటలో నా దగ్గరే ఉండేది. నేను పెళ్లి చేసుకోలేదు కాబట్టి నన్ను నమ్మని మనిషి ఇంట్లో ఆవిడ ఒక్కతే. నేను నోరు తెరవగానే "కొయ్యకురా" అనేది. ఆ మాట వినడం కోసమే నేను సగం కథలు అల్లేవాణ్ణి.

ఏటా వానలు తగ్గాక మేమిద్దరం జీపులో హంసలదీవి వెళ్లేవాళ్లం. పాలకాయతిప్ప దాటాక కృష్ణ సముద్రంలో కలిసే చోటు దాకా అంతా ఇసుకే. అక్కడ కారు దిగబడిపోతుంది. జీపైతే నాలుగు చక్రాలతో లాక్కుంటూ పోతుంది. అక్క దిగి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి నడిచి, వేలు ముంచి నాకి, "ఇక్కడిదాకా కృష్ణే" అని చెప్పేది. ఇంకో నాలుగడుగులు వేసి మళ్లీ నాకి మొహం చిట్లించేది. ఉప్పు తగిలిన చోటే నిలబడి చాలాసేపు సముద్రం చూసేది.

కిందటేడు అక్కకు వచ్చిన కేన్సరు ఎముకల్లోకి దిగింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "తనంతట తాను కూర్చోగలిగితే ఎక్కడికైనా తీసుకెళ్లండి. ఎత్తి కూర్చోబెట్టారంటే మాత్రం పక్కటెముకలు విరగొచ్చు" అన్నాడు. ఆ సాయంత్రమే అక్క అడిగింది.

"హంసలదీవి తీసుకెళ్తావురా? వచ్చే ఏడు నేను రాలేను."

ఎప్పుడంటే అప్పుడే అన్నాను. తీరా జీపు దగ్గరికెళ్తే సీటు ఆవిడకు అందలేదు. ఆవిడ చెయ్యగలిగింది ఒక్కటే. సీటుకు వీపు పెట్టి నిలబడి, వెనక్కి వాలి కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవాలి. పీట మీద నిలబడితే తూలింది. సీటులో స్పాంజి తీయించేసి పలచటి బొంత పరిచాను. అయినా నాలుగు వేళ్ల ఎత్తు మిగిలింది. ఆ నాలుగు వేళ్లు తగ్గించాలంటే చక్రాలు చిన్నవి వెయ్యాలి.

ఆటోనగర్‌లో నా జీపు బాగుచేసే పాత మేస్త్రీ దగ్గరికెళ్లాను. ఆయన విని నవ్వాడు.

"జీపుకి గేదె కాళ్లుండాలి గానీ మేక కాళ్లు పెడతారా సార్? కొత్త కథ కోసమా?"

"అక్క ఎక్కలేకపోతోంది మేస్త్రీ."

ఆయన నవ్వు ఆపేశాడు. గంట కాకముందే పాత సామాన్ల వీధిలో వెతికి చిన్న రిమ్ములు, వాటికి తగ్గ టైర్లు పట్టుకొచ్చాడు. ఇట్లాంటివి ఎన్నో బళ్లకు వేశాను, భయం లేదన్నాడు. అవన్నీ డ్రమ్ము బ్రేకుల బళ్లు. నాది కాదు. కాలవ గట్ల బురద నీళ్లు డ్రమ్ముల్లోకి పోయి బ్రేకు పట్టడం మానేస్తోందని, ముందు చక్రాలకు నేను ఎప్పుడో డిస్కులు పెట్టించాను. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం, దాన్ని రెండు పక్కలా పట్టుకునే దవడ లాంటి కాలిపరు, రెండూ రిమ్ము గిన్నెలోనే ఇమడాలి. గిన్నె చిన్నదైతే దవడకు చోటుండదు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, నాకూ తెలుసు. కంటితో చూసి సరిపోతుందనుకున్నాం. చక్రం బిగించాక గాల్లో ఉండగానే చేత్తో ఒక్కసారి తిప్పి చూస్తే బయటపడిపోయేది.

తిప్పనివ్వలేదు మా అక్క.

మా ఇంట్లో కొత్త చక్రం మొదటిసారి తిరిగేది నిమ్మకాయ మీదే. మా నాన్న కొత్త సైకిలు కొన్నప్పుడు దాన్ని వన్ టౌన్ నుంచి ఇంటి దాకా భుజాన మోసుకొచ్చాడు, చక్రం నేలకు తగలకుండా. ఇది నా కథ కాదు, అక్కే చెప్పేది. లెక్కల టీచరుకు ఇదేం చాదస్తమని అడిగితే, "లెక్క లెక్కే, నిమ్మకాయ నిమ్మకాయే" అనేది.

ఆ ఉదయం మేస్త్రీ జాకీ తెచ్చుకుని మా వాకిట్లోనే చక్రాలు మార్చాడు. ముందు చక్రాలు కాస్త బిగుతుగా ఎక్కాయి. నట్లు బిగించి అలవాటు కొద్దీ తిప్పబోయాడు.

"ఆగు నాయనా!" అంది అక్క అరుగు మీంచి. "పూజ కాకుండానే తిప్పేస్తావేంటి?"

"చూసుకోవాలి కదమ్మగారూ."

"కాయ మీద చూసుకుందువు గాని. నేనెక్కాకే తిరగాలది."

మేస్త్రీ నా వంక చూశాడు. నేను తలూపాను. ఆయన జాకీ దించేశాడు.

అక్క టైర్లకు పసుపు రాసింది. వంగలేకపోతే బొట్లు నేను పెట్టాను. నాలుగు నిమ్మకాయలు నాలుగు టైర్ల ముందు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాం. తర్వాత అక్క జీపుకు వీపు పెట్టి నిలబడి, కళ్లు మూసుకుని వెనక్కి వాలింది. కూర్చుంది. కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి తెచ్చుకుంది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆవిడ మొహంలో అంత సంతోషం నేను చాలా రోజులుగా చూడలేదు. ఫ్లాస్కూ, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, "పోనీ" అంది.

ఇంజను స్టార్ట్ చేసి క్లచ్చు వదిలాను. ముందు నుంచి ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు. జీపు ఒక్క జానెడు ముందుకు ఈడ్చుకుపోయి ఆగిపోయింది. వెనక కాయలు చితికాయి. ముందు చక్రాలు తిరగనే లేదు. అక్కడి కాయలు చితక్కుండా పక్కకు దొర్లిపోయాయి.

మేస్త్రీ కింద దూరి చూసి, తల బయటపెట్టి, "కాలిపరు రిమ్మును పట్టేసింది సార్" అన్నాడు. ఆయన మొహం నల్లబడిపోయింది. "గ్రైండరుతో కాస్త గీకితే పోతుందేమో..."

"బ్రేకులు గీకుతావా? నేను దారిలోనే పోయినా వీడు ఇంటికి తిరిగి రావాలి, వీడికి బ్రేకులొద్దూ?" అంది అక్క.

మేస్త్రీ గ్రైండరు ఊసు మానేశాడు. రిమ్ముకూ, దాన్ని బిగించే హబ్బుకూ మధ్య వేసే ఇనప బిళ్లలు లేత్ మీద చేయిస్తానని, అవి వేస్తే చక్రం బయటికి జరిగి చోటొస్తుందని, వారం పట్టొచ్చని చెప్పి వెళ్లిపోయాడు.

"దిగు అక్కా" అన్నాను.

"ఎక్కడం ఎక్కాను. కాసేపు కూర్చోనీ. నువ్వూ కూర్చో. ఏదైనా చెప్పు."

స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. నోటికొచ్చింది చెప్పాను. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్లు దారిచ్చాయన్నాను. అవనిగడ్డ వంతెన మీద కొంగ ఒకటి బానెట్ మీద వాలి దారి చూపించిందన్నాను. ఇసుకలో జీపు కూరుకుపోతే పీతలన్నీ వచ్చి నెట్టాయన్నాను. ఒక్కో మాట దగ్గరా ఆగాను, ఆవిడ "కొయ్యకురా" అంటుందని. ఆవిడ అనలేదు.

"తర్వాత?" అంది.

పీతల దగ్గర కూడా "తర్వాత?" అంది. నేను స్టీరింగు వదిలేశాను. వాకిట్లో ఎండ చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే పులిహోర డబ్బా మూత తీసి నాకిచ్చింది.

దిగేటప్పుడు ఆవిడ వల్ల కాలేదు. నన్ను ఎత్తుకోమంది. వీపు కిందా మోకాళ్ల కిందా చేతులు పెట్టి, ఊపిరి బిగబట్టి దించాను. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. చీర బరువు తప్ప ఏమీ లేనట్టనిపించింది.

బిళ్లలు మేస్త్రీ చెప్పినదానికంటే ముందే వచ్చాయి. అప్పటికే అక్క మంచం దిగడం మానేసింది. మేస్త్రీ వాటిని వేసి, ఈసారి ఎవర్నీ అడక్కుండా చక్రాలు తిప్పి చూశాడు. ఎక్కడా తగల్లేదు. వీధి చివరిదాకా పోయి వచ్చాను. బండి నున్నగా నడిచింది, బ్రేకు పట్టింది. గదిలోకి పరుగెత్తుకెళ్లాను.

"అక్కా, బండి కదిలింది. నిజం."

ఆవిడ గోడవైపు తిరిగి ఉంది. "కొయ్యకురా" అంది.

"నీ మీదొట్టు. విను, ఇప్పుడే నడుపుతాను."

కిటికీ తలుపులు బార్లా తెరిచి, దాని పక్క సందులో జీపును ఇటూ అటూ నడిపాను. హారను కొట్టాను. గేర్లు మార్చాను. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. లోపలికొచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

"విన్నావా?"

"విన్నాను. ఉన్నచోటే పెట్టి ఇంజను అరిపిస్తున్నావు" అంది, నా చెయ్యి తడిమి పట్టుకుంటూ. "ఎందుకురా ఇంత పెట్రోలు దండగ?"

కదిలిందక్కా, నిజంగా కదిలిందక్కా అని నేను చెబుతూనే ఉన్నాను. ఆవిడ నిద్రపోయింది. ఆ తర్వాత ఆవిడ ఉన్న రెండు రోజులూ చెబుతూనే ఉన్నాను.