ఇక్కడే పోయిన ఉద్యోగం

మొన్న మంగళవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరి, సెరంగూన్ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డప్పుడు ఆంటీ కూతురు మెసేజ్ పెట్టింది. "అక్కా, అమ్మ పోయింది. తెల్లారుజామున. నిద్రలోనే." రైలు వచ్చింది, వెళ్ళింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళింది. ఆఫీసుకు పోవాలో ఆసుపత్రికి పోవాలో తోచక అక్కడి బల్ల మీదే కూర్చుండిపోయాను.

ఆంటీ అని రాస్తున్నానే గానీ ఆమె నాకు చుట్టం కాదు. సింగపూర్లో నా మొదటి ఇంటి ఓనరు. ఆంగ్ మో కియోలో సర్కారు కట్టిన పాత బ్లాకుల్లో వాళ్ళ ఫ్లాటు. వంటింటి పక్క గదిలో నేను అద్దెకుండేదాన్ని. ఆమె మాట అచ్చం శ్రీకాకుళం మాట. శ్రీకాకుళం మాత్రం జన్మలో చూడలేదు. మలేషియాలో రబ్బరు తోటల్లో పుట్టి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, ఇక్కడి పౌరురాలైంది. తాతలు ఓడలో తెచ్చిన తెలుగు అలాగే ఉండిపోయింది, దానికి కాస్త తమిళం, కాస్త మలాయ్ తోడయ్యాయి. నేను పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రోజున "తినీసినావేటమ్మా? మక్కాన్ అయిందా?" అని ఒకే ప్రశ్న రెండు రకాలుగా అడిగింది. అయిందని మొహమాటానికి అబద్ధమాడాను. "నీ మొకం సూత్తే తెలీడం నేదేటి" అని కంచం ముందు పెట్టింది.

అది కంప్యూటర్ చదువులకు పట్టపగ్గాల్లేని కాలం. రెండువేల సంవత్సరం వస్తే ప్రోగ్రాములన్నీ తలకిందులవుతాయని భయపడి కంపెనీలు నాలాంటి వాళ్ళను విమానాల్లో దింపుకుంటున్నాయి. ఒంగోలు దాటి ఎరగని నాకు తంజోంగ్ పగార్‌లో చలి పుట్టే ఏసీ ఆఫీసు, గిర్రున తిరిగే కుర్చీ ఇచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, నా గదికి నడిచిపోయేంత దూరంలో, కంప్యూటర్ల లోపలి డిస్కులు తయారు చేసే ఫ్యాక్టరీ లోలోపల మూటాముల్లే సర్దుకుంటోంది. ఆంటీ పనిచేసేది అందులోనే. అంకుల్‌కి గుండె జబ్బు. ఆ ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

ఆమె పని మైక్రోస్కోపు కింద. వెంట్రుక కంటే సన్నని వైరును ట్వీజర్‌తో ఎత్తి, ఉండాల్సిన చోట ఉంచాలి. ఒక్క రేణువు దుమ్ము పడినా సరుకు పాడైపోతుందని తల నుంచి పాదం దాకా తెల్ల ముసుగులు తొడిగేవారు. లైన్లో ఆడవాళ్ళంతా ఒకరికొకరు కళ్ళను బట్టే తెలుసు. పౌడరు రాయకూడదు, పూలు పెట్టకూడదు, బొట్టు కూడా తీసేయాలి. ఆంటీ రోజూ లోపలికి వెళ్ళే ముందు బొట్టుబిళ్ళ తీసి లాకరు తలుపుకి అంటించి, షిఫ్టు అయ్యాక మళ్ళీ నుదుటికి పెట్టుకునేది. ఇంటికొచ్చాక కూడా ఆ చేతికి పని పోయేది కాదు. కరివేపాకు రెబ్బ తుంచినా, పప్పులో రాయి ఏరినా బొటనవేలు, చూపుడువేలు ట్వీజర్‌లా ముందుకొచ్చేవి. దేనికైనా ఒకటే మాట: "మెల్లిగా. తొందర పడితే వైరు తెగిపోద్ది." నా ప్రోగ్రాము పనిచేయక నేను ఏడుస్తుంటే అదే మాట. కూతురు పరీక్షల ముందు పుస్తకాలు విసిరికొడితే అదే మాట.

ఒక సాయంత్రం వాకిట్లో చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది. "నన్ను సీనియర్ ట్రైనర్ సేసీసినారమ్మా! బాతమ్ పోయి అక్కడి పిల్లలకి పని సెప్పాలంట."

బాతమ్ అంటే పడవెక్కితే గంటలో వచ్చే ఇండోనేషియా దీవి. అక్కడ కంపెనీ కొత్త ఫ్యాక్టరీ పెట్టింది. లైన్లో మలాయ్ బాగా వచ్చినవాళ్ళలో చేయి తిరిగినది ఆంటీయే కాబట్టి ఆమెను ఎంచారు. ఇచ్చిన కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టేసింది. ఆ రాత్రి వంట కాగానే రవ్వలడ్డూలు మొదలుపెట్టింది. శుభవార్త వస్తే నలుగురి నోరూ తీపి చేయాలిగా మనకి! నేను జీడిపప్పు వేయించాను, కూతురు ఉండలు చుట్టింది. మర్నాడు డబ్బా నిండా ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి పట్టుకుపోయి, లైన్లో ఉన్న చైనీస్, మలాయ్ ఆడవాళ్ళందరికీ తన చేత్తో పంచింది. అందరూ చప్పట్లు కొట్టారట. ఒక చైనీస్ ఆమె మాత్రం లడ్డూ చేతిలో పట్టుకుని, "మనం చేసే పని వాళ్ళకెందుకు నేర్పడం?" అని అడిగిందట. "కంపెనీ పెద్దదవతంది లా" అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఊతపదంతో ఆంటీ జవాబు. నాతో ఈ సంగతి చెప్పినప్పుడు ఆ ప్రశ్న ఆమెకు కాస్త వింతగానే ఉంది, అంతే.

సోమవారం పడవలో వెళ్ళి శుక్రవారం వచ్చేది. వచ్చాక ఆ పిల్లల కబుర్లే. ఊళ్ళ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లలట. మైక్రోస్కోపులో చూస్తే కళ్ళు తిరుగుతాయని ఏడ్చేవారట. ఆంటీ వాళ్ళ వెనక నిలబడి, తన ట్వీజర్‌ను వాళ్ళ వేళ్ళ మధ్య పెట్టి, ఆ చేతిని తన చేత్తో మూసి, "పెలన్ పెలన్" అనేదట. మలాయ్‌లో మెల్లిగా మెల్లిగా అని. "నా సేతిలో ఉన్నదంతా ఆళ్ళ సేతిలోకి పోయిందమ్మా, ఇంక నాతో పనిలేదు" అని ఒక శుక్రవారం గర్వంగా చెప్పింది.

పిల్లలకు పని వచ్చేసింది. ఆంగ్ మో కియో లైను మూసేశారు. సరుకు అక్కడ చవగ్గా తయారవుతుంటే ఇక్కడ ఎవరుంచుతారు? క్యాంటీన్లో లడ్డూలు తిన్నవాళ్ళందరికీ ఉద్యోగాలు పోయాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకే, నేర్పడం పూర్తయిందని చెప్పి ఆంటీని కూడా బాతమ్ నుంచి ఇంటికి పంపేశారు. మరుసటి రోజు పొద్దున వంటింట్లో ఆమెను చూసి, సంగతి తెలియక, ఇంకా పడవకు బయల్దేరలేదేమని అడిగాను. నుదుటి బొట్టుబిళ్ళను వేలితో తాకి, "ఇంక దీన్ని తియ్యక్కర్లేదు కదమ్మా" అంది. అని మళ్ళీ పోపు వైపు తిరిగింది.

అప్పట్లో పని విదేశాలకు తరలిపోయి రోడ్డున పడ్డవాళ్ళ కోసం ఒక ప్రభుత్వ పథకం ఉండేది. కొన్ని నెలలు వేరే పని నేర్పిస్తారు. నేర్చుకున్నన్నాళ్ళూ ఇల్లు గడవడానికి భత్యమిస్తారు. చివర్న ఎక్కడో ఒకచోట ఉద్యోగం చూపిస్తారు. లైన్లో వాళ్ళంతా అందులో చేరిపోయారు. ఆంటీకి నడివయసు దాటుతోంది, పెద్ద చదువు లేదు, అంకుల్ మందులు ఆపడానికి వీల్లేదు, కూతురు పాలిటెక్నిక్‌లో ఉంది. ఆ పథకం తప్ప ఇంకో దారి కనబడలేదు. "నీది ఆఫీసు ఇంగ్లీసు, నువ్వు నా పక్కన కూకో" అని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. పట్టుచీర కాదుగానీ, పండక్కి కట్టుకునే చీరే కట్టుకుంది.

కౌంటర్లో ఉన్న అబ్బాయి మర్యాదస్తుడు. కంప్యూటర్లో చాలాసేపు చూశాడు. "ఆంటీ, ఈ స్కీము సింగపూర్ కంపెనీలో ఉద్యోగం పోయినవాళ్ళకి. ట్రైనర్ అయినప్పుడు మీరు సంతకం పెట్టి బాతమ్ కంపెనీకి మారిపోయారు. మీ ఉద్యోగం పోయింది అక్కడ."

ఆంటీకి అర్థం కాలేదు. తెలుగులో చెప్పాను. అప్పుడు నన్ను పక్కకు జరిపి తానే అతనితో మాట్లాడింది. "మై జాబ్ హియర్ లా. ట్వంటీ ఇయర్ హియర్. బాతమ్ ఓన్లీ గో టీచ్. మై జాబ్ హియర్ గాన్."

"నేను ఇవ్వనని కాదు ఆంటీ. రూల్ అలా ఉంది."

"సెప్పమ్మా, నువ్వు సెప్పు" అని నా మోచేయి పట్టుకుంది. చెప్పాను. ఈమె ఇల్లు ఇక్కడ, ఈమె లైను ఇక్కడ, ఆ లైను పోవడం వల్లే కదా ఈమె పని పోయిందని అడిగాను. నాకొచ్చిన ఆఫీసు ఇంగ్లీషంతా ఖర్చుపెట్టాను. పైవాళ్ళను అడిగి వస్తానని అతను లోపలికి వెళ్ళి, అదే జవాబుతో తిరిగొచ్చాడు. తర్వాత మా బ్లాకు కింద ఎంపీ గారు జనాన్ని కలిసే సాయంత్రం టోకెను తీసుకుని ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని, అక్కడా మొరపెట్టుకున్నాం. వాళ్ళు రాసి పంపారు. జవాబు మారలేదు. నేర్చుకున్నవాళ్ళూ ఉద్యోగంలో ఉన్నారు, తోటివాళ్ళూ ఆ స్కీములో చేరారు. నేర్పిన మనిషికి మాత్రం ఎక్కడా లెక్కలేదు. కూతురు మండిపడింది. "మా, యూ సో స్టుపిడ్ లా! సంతకం పెట్టేముందు చదవాలి కదా!" ఆంటీ కోప్పడలేదు. "పేరు ముందు సీనియర్ అని ఉంది. అదొక్కటే సూసాను" అంది.

ఇంటి దగ్గర హాకర్ సెంటర్లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, ఎంగిలి ప్లేట్లు తీసే పనిలో చేరింది. కొన్నాళ్ళకు, క్యాంటీన్లో ఆ ప్రశ్న అడిగిన చైనీస్ ఆమె అక్కడికి తినడానికి వచ్చింది. కోర్సు పూర్తయి ఏదో ఆసుపత్రిలో చేరిందట, ఆ యూనిఫారంలోనే ఉంది. ఆంటీని కళ్ళను బట్టి పోల్చుకుంది. "యువర్ స్వీట్, దట్ టైమ్, వెరీ నైస్. ఐ స్టిల్ రిమెంబర్" అంది. అభిమానంతో అందో, దెప్పిందో ఆంటీకి ఎప్పటికీ తేలలేదు. "మాస్కు నేదమ్మా ఆ దినం. అయినా మొకంలో నాకేటీ తెలీనేదు" అని చాలాసార్లు అంది. మర్నాడే అక్కడ మానేసి, తెలిసినవాళ్ళు కనబడరని, రైల్లో ఎంతో దూరం వచ్చి తంజోంగ్ పగార్ హాకర్ సెంటర్లో చేరింది. కానీ మా ఆఫీసు ఉన్నది అక్కడే, నేను కనబడ్డాను.

"ఆఫీసోళ్ళ ముందు నన్ను పిలవకమ్మా, నీకు సిన్నతనం" అంది. నాకు ఒళ్ళు మండింది. రోజూ గొంతెత్తి "ఆంటీ" అని పిలిచేదాన్ని. వారం తిరిగేసరికి ఆమే ఓడిపోయింది. మధ్యాహ్నం ఆ జనంలో కుర్చీ దొరకడమే గగనం. చోటు పట్టుకోవడానికి అందరూ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తారు. నాకోసం ఫ్యాన్ కింద ఒక మూల ఆంటీ తుడిచే గుడ్డ మడతపెట్టి ఉండేది. ఆ గుడ్డను ఒక్కరూ కదిపేవారు కాదు. పరాయి ఊళ్ళో నాకోసం చోటు ఆపిన మనిషి ఆమె. తర్వాత ఐటీ బుడగ పగిలి నా ఉద్యోగమూ ఊడినప్పుడు, "మాలాంటి బయటి దేశం వాళ్ళకి అలాంటి స్కీములు అసలే లేవు ఆంటీ" అన్నాను. "అయితే ఇద్దరం ఒకటే. గది నీదే, ఉండు" అంది. మళ్ళీ పని దొరికేదాకా ఆ గదిలోనే ఉన్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆమె మారిపోయింది. తీపి గుమ్మం దాటనిచ్చేది కాదు. కూతురు పాసైనా, నాకు ఇక్కడ స్థిరపడే అనుమతి వచ్చినా, పాయసం చేసి ఇంట్లోనే తినమనేది. పక్కింటికి ఇస్తానంటే గిన్నె లాక్కునేది. "వొద్దమ్మా. నాను తీపి పంచితే మంచిది కాదు." కూతురి పెళ్ళికి మిఠాయి పొట్లాలు నేనే పంచాను. ఆంటీ తన చేత్తో ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు.

పోయిన శనివారం, ఆమె పోవడానికి మూడు రోజుల ముందు, ఆసుపత్రికి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టే స్థితిలో లేదు. కళ్ళు మూసుకునే ఉంది. బొటనవేలు, చూపుడువేలు మాత్రం దుప్పటి మీద దేన్నో ఎత్తుతున్నాయి, జాగ్రత్తగా పక్కన పెడుతున్నాయి, మళ్ళీ ఎత్తుతున్నాయి. ఆఖరి రోజుల్లో కొందరు ఇలాగే చేస్తారని నర్సు చెప్పింది. కూతురు తల అడ్డంగా ఊపింది. "కాదక్కా. షీ ఈజ్ వర్కింగ్" అంది. అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

నేను మంచం దగ్గరికి జరిగి దుప్పటి మీద చేయి వేశాను. ఆ వేళ్ళు తడుముకుంటూ వచ్చి నా చేతిని పట్టుకున్నాయి. నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆంటీ లేనిదేదో ఉంచింది. జారిపోకుండా నా వేళ్ళను ఒక్కొక్కటే దగ్గరికి నొక్కి, వాటి మీద తన చేయి మూసింది.

"పెలన్ పెలన్" అంది.