కూర్చుంటేగానీ కనబడని మేడలు

కూర్చోవడానికి చోటివ్వని భవనం ఎంత అందమైనదైనా భవనమే కాదని మావయ్య తేల్చేశాడు. జన్మంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. మేడల గురించి ఆయనకు తెలిసిందల్లా సీటు గురించే. పాత కట్టడం కనబడితే చాలు, దాని మెట్టుమీదో గట్టుమీదో రుమాలు పరిచి చతికిలబడతాడు. కాసేపు కళ్ళు మూసుకుంటాడు. తీర్పు ఆ తర్వాతే.

ఏటి ఒడ్డున ఉన్న పాత భవనాలను ఎవరికివారే నడిచి చూసుకోవడానికి లైబ్రరీవాళ్ళు ఒక మ్యాపు వేశారు. ఆ దారి గడియార స్తంభం దగ్గర మొదలై పడవల రేవు ఆఫీసు దగ్గర ముగుస్తుంది. మావయ్య ఆ మ్యాపు పట్టుకుని సాయంత్రమయ్యేసరికి తన అక్కనూ, ఆమె కూతురైన మేనకోడలినీ వెంటేసుకుని బయల్దేరేవాడు. అక్క పెళ్ళికి ముందు ఆ రేవు ఆఫీసులోనే టైపిస్టు. గుండె ఆపరేషనయ్యాక, ఆ మేడను ఇంకొక్కసారి చూడాలని నోరు తెరిచి అడిగింది. ఇంతవరకూ చేరింది లేదు. దారిపొడుగునా మావయ్య కూర్చుంటూ పోతే చీకటి పడక ఏమవుతుంది?

బ్యాంకు మెట్లమీద కూర్చున్నప్పుడు గార్డు వచ్చి లేవమన్నాడు. మావయ్య అతన్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాతి చల్లదనం గురించి ఉపన్యాసం అందుకున్నాడు. మేనేజరు బయటికొచ్చేసరికి గార్డు తన నడుంనొప్పి కథ చెప్పుకుంటున్నాడు. కోర్టును మాత్రం మావయ్య క్షమించలేదు. ఇన్నిన్ని స్తంభాలున్నాయి గానీ కూర్చోవడానికి జానెడు చోటు లేదు. వచ్చినవాణ్ణి నిలబెట్టడమే దాని వృత్తి కాబట్టి పోనిమ్మని, ఎదుటి పూలమొక్కల గట్టుతో సరిపెట్టుకున్నాడు.

మేనకోడలికి తల కొట్టేసినట్టుండేది. ఒక సెలవురోజు మావయ్యతో చెప్పకుండా తల్లిని తీసుకుని తనే బయల్దేరింది. చకచకా నడిపించింది. కోర్టు దాకా వచ్చి తిరిగి చూస్తే తల్లి వెనకెక్కడో ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"స్తంభాలు చూస్తున్నానే," అంది, ఊపిరందక.

ఆపరేషనయిన కొత్తలో ఆమె ఇలాగే వీధిలో ఆయాసపడింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు చుట్టూ మూగి నీళ్ళు తాగించారు. ఆ నామోషీకి చాలాకాలం గడప దాటలేదు. మావయ్యకు మేడల పిచ్చి పట్టింది సరిగ్గా అప్పుడే. ఈ సంగతి కూతురికి ఇప్పుడు తట్టింది. భయమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"కూర్చుంటేగానీ స్తంభాలు సరిగ్గా కనబడవటమ్మా. మావయ్య మాట," అంటూ పూలమొక్కల గట్టుమీద రుమాలు పరిచింది.

తల్లి కూర్చుంది. ఊపిరి కుదుటపడ్డాక నెమ్మదిగా అంది:

"మీ మావయ్యను విసుక్కోకే. బస్సు నడిపీ నడిపీ వాడి మోకాళ్ళు అరిగిపోయాయి. అభిమానం కొద్దీ పైకి చెప్పుకోడు. వాడు చిన్నబోకూడదనే నేనూ పక్కన కూర్చుంటాను."

కూతురు సరేనని, తల్లి పక్కనే కూర్చుని ఆమెతో పాటు స్తంభాలు చూసింది.

మర్నాడు ముగ్గురూ ఎండ తగ్గీ తగ్గకముందే బయల్దేరారు. ఈసారి గట్లూ మెట్లూ వెతికే పని మేనకోడలిదే. మావయ్య కంటే ముందే రుమాలు పరిచేది. పొద్దు వాలుతుండగా రేవు ఆఫీసు కనబడింది. అక్క పైఅంతస్తు చివరి కిటికీకేసి చూస్తూ, తన టైపు మిషను అక్కడే ఉండేదని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

మావయ్య మెట్లమీద ఒకసారి చరిచి చూశాడు. "రా అక్కా, దీని సంగతీ తేల్చేద్దాం," అన్నాడు.

"పద, నీ సరదా ఎందుకు కాదనాలి," అని అక్క తమ్ముడి మోచేయి పట్టుకుని జాగ్రత్తగా కూర్చోబెట్టి, తనూ కూర్చుంది.

మేనకోడలు ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. కట్టడం ఎలా ఉందని మావయ్య ఆమెనే అడిగాడు. ఆయన లాగే కాసేపు కళ్ళు మూసుకుని, చాలా గట్టి కట్టడమని తీర్పు చెప్పింది.